ఒక్క రోజుకని బిగించిన మూత

సోలార్ నీళ్లు చల్లగా వస్తున్నాయని ఫోను వస్తే మీరు మొదట ఏం చేస్తారో నాకు తెలుసు. మెట్లెక్కి గాజు గొట్టాలు కడుగుతారు. నేనూ అదే చేసేవాణ్ణి. పద్దెనిమిదేండ్లు వరంగల్, హన్మకొండ డాబాలన్నీ ఎక్కి దిగాను. మాది సర్కారు నౌకరి కాదు, కాబట్టి సభా శాలువా ఏమీ జరగలేదు. ఒక చలికాలం మోకాళ్లు ఇక మెట్లెక్కలేమన్నాయి, అదే నా రిటైర్మెంటు. కొత్తగా ఈ పనిలోకి వచ్చే మీకు పనికొచ్చే సంగతి ఏదైనా రాయమని షాపువాళ్లు అడిగారు. గొప్పలు చెప్పుకునే పనులు రెండు మూడు చేశాను గానీ, కాగితం ముందర పెట్టుకుంటే చెయ్యి వాటి దగ్గరికి పోవడం లేదు. కొత్తవాడలో ఒక ఇంటి దగ్గరికే పోతున్నది. నేను చదివింది ఏడో తరగతి. రాతలో తప్పులుంటే మన్నించండి.

మా పనికి చలికాలమే సీజను. ఎండాకాలం డాబా మీద సోలార్ ఒకటున్నదని ఎవరికీ యాదికుండదు. పొద్దున పూట స్వెట్టర్లు బయటపడ్డ నాటి నుంచి షాపు ఫోను ఆగదు. అట్లాంటి రోజుల్లో ఈ ఇంటి ఫిర్యాదు వచ్చింది. రాసుకున్నది నేనే. 'కొత్తవాడ, జంపఖానాలు నేసే ఇల్లు, నీళ్లు చల్లగా' అని పుస్తకంలో రాశాను. ఆ రాత నన్ను ఎట్లా ఏడిపించిందో తర్వాత చెబుతాను.

కింద మూడు మగ్గాలు, పైన రెండు గదులు, ఆ పైన డాబా. ఇంటాయన, ఆయన భార్య, కాన్పుకు పుట్టింటికొచ్చిన వాళ్ల బిడ్డ. ఆ బిడ్డకు నెలలు నిండకముందే పాప పుట్టిందట. మూడు వారాలు దవాఖానలో అద్దాల పెట్టెలో ఉంచి ఇచ్చారు. నేను మొదటిసారి పోయేసరికి పాప రెండు నెలలది, అయినా తువ్వాలలో చుడితే తువ్వాలే కనబడేది. కింద మగ్గాల దగ్గర నూలు దుమ్ము. ఆ దుమ్ము పాప ముక్కులోకి పోతుందని, పైగా ఆ సందులో ఎండ పడేది డాబా మీదే అని, అమ్మమ్మ పాపకు స్నానం అక్కడే పోసేది. సోలార్ ట్యాంకు స్టాండు కాళ్ల మధ్య గాలి తగలని ఒక మూల ఉన్నది. పక్కనే వేడినీళ్ల నల్లా. అక్కడ పీట వేసుకొని, కాళ్లు చాపుకొని, కాళ్ల మీద పాపను బోర్లా పడుకోబెట్టుకొని నూనె రాసేది. ఆమె నెత్తి మీద రెండు జానల ఎత్తులో నూట యాభై లీటర్ల ట్యాంకు.

"ఏం తమ్మీ," అన్నది ఆమె నన్ను చూడగానే. "సూర్యుడేమో నెత్తిమీదున్నడు, నీళ్లేమో ఫ్రిజ్జుల పెట్టినట్టున్నయ్. గిదేం సోలారు?"

గొట్టాల మీద చూస్తే నూలు దుమ్ము దుప్పటిలాగా పరుచుకొని ఉంది. నాకు సంబరమయింది. రోగం దొరికిందనుకున్నాను. సబ్బునీళ్లతో ఒక్కొక్క గొట్టం తుడిచి, రేపు పొద్దున చూసుకోండని దిగాను. రేపు పొద్దున మళ్లీ ఫోను.

రెండోసారి పైపుల్లో గాలి ఇరుక్కున్నదేమో అని చూశాను. గాలి ఇరుక్కుంటే నీళ్లు తిరగవు, మీకు తెలిసిందే. జాయింట్లు వదులు చేసి గాలి తీశాను. బుస్సుమని కొంత గాలి వచ్చింది కూడా. మళ్లీ సంబరం. మూడో రోజు ఇంటాయన ఫోను తీసుకొని ఇంటామె తానే చేసింది.

"నువ్వు వచ్చి పోయినప్పుడల్లా ఇంకింత సల్లగైతానయ్ తమ్మీ. నిన్ను ఎండకాలం పిలుస్త. ఇంట్ల ఏసీ పెట్టే పని తప్పుతది."

నవ్వాను గానీ నవ్వు లోపలికి పోలేదు. ఎందుకంటే వెనుక నుంచి ఆమె బిడ్డ గొంతు వినబడింది. "అమ్మా, జర ఇటియ్యి," అని ఫోను తీసుకుంది. "కాకా, గ్యాసు మీద కాగబెట్టి మెట్ల మీదికెళ్లి గిన్నె మోస్కపోతాంటె నిన్న మా అమ్మ కాలు జారింది. నీళ్లు మెట్ల మీద వడ్డయ్, అమ్మ మీద వడలే. జర తొందరగ జూడరాదా." ఆ పిల్ల గట్టిగా మాట్లాడే మనిషి కాదు. అందుకే ఆ మాట ఎక్కువ తగిలింది.

ఆ రోజంతా ఆలోచించాను. సాయంత్రం నీళ్లు వెచ్చగానే ఉంటున్నాయంటున్నారు. పొద్దున చూస్తే మంచులాగా ఉంటున్నాయి. మధ్యలో ఎవరూ వాడటం లేదు. మరి వేడి ఎక్కడికి పోతున్నట్టు? తెల్లవారి ఆరింటికి, నల్లా నీళ్లు వచ్చే వేళకు, నేనే పోయి డాబా మీద నిలబడ్డాను. ఇంటాయన కింద మోటారు వేశాడు. చల్లనీళ్ల పెద్ద ట్యాంకు నిండుతున్నది. చెవిపెట్టి వింటుంటే ఇంకెక్కడో నీళ్లు పడుతున్న చప్పుడు. పిట్టగోడ మీది నుంచి వెనుక సందులోకి వంగి చూశాను. వెనుకింటామె గోడ పక్కన కూర్చుని, పై నుంచి పడుతున్న సన్నటి ధార కింద గిన్నెలు తోముకుంటున్నది. ధార నుంచి పొగలు.

"ఏమ్మా, ఆ నీళ్లెక్కడియి?"

"నాకేమెరుక? ఎచ్చగ వడ్తానయ్. నెల రోజులాయె. నల్లా వచ్చే పూటకు వడ్తయ్. జిడ్డు మంచిగ పోతాంది."

"ఎవలియి అనుకున్నవ్ మరి?"

"దేవుడిస్తాండనుకున్న."

ఇంటామె అప్పటికే నా వెనుక వచ్చి నిలబడ్డది. "దేవుడు కాదే తల్లీ, నా సోలారు! మేమీడ సలికి సస్తాంటే నువ్వు ఎచ్చటి నీళ్లతోని గిన్నెలు తోమవడితివా!" అని అరిచింది. వెనుకింటామె చెయ్యి ఆపలేదు. "అయితే గీ రెండు గిన్నెలు కానీయ్ వదినె," అన్నది.

సంగతి ఇదీ. సోలార్ ట్యాంకు నెత్తిన ఒక గాలి పైపు నిలువుగా ఉంటుంది. అది చల్లనీళ్ల ట్యాంకు కంటే ఎత్తుగా ఉండాలి. కోతులు పట్టుకొని ఊగి ఊగి దాన్ని సగానికి విరిచేశాయి, విరిగిన ముక్క వెనుక సందు వైపు వంగి ఉంది. చల్లనీళ్ల ట్యాంకు నిండినప్పుడల్లా ఆ నీళ్ల బరువుకు వేడినీళ్లు ఆ మొండి పైపులోంచి సందులోకి పోతున్నాయి. వాటి జాగాలో చల్లనీళ్లు వచ్చి చేరుతున్నాయి. పగలంతా కాగింది తెల్లారేసరికి వెనుకింటి గిన్నెల పాలు.

చేయాల్సింది ఎత్తైన కొత్త పైపు పెట్టడం. నా దగ్గర పైపు లేదు, షాపులో ఉన్నది. సంచిలో చూస్తే మా పెద్ద మేస్త్రీ సామానులోంచి ముందురోజు తీసుకున్న ఒక మూత, మనం క్యాపు అంటామే, అది ఉన్నది.

"మూతి మూసెయ్యరాదా తమ్మీ," అన్నది ఇంటామె. "పైపు పెడితే మళ్ల కోతులు రావా?"

"మూయద్దక్కా, గాలి ఆడాలె."

"ఒక్కరోజుకు ఏమైతది? పైపు రేపు తెచ్చి పెట్టరాదా. ఇయ్యాలన్న పిల్లకు నీళ్లు పోస్త."

నాకు తెలుసు. ఇక్కడే మీరు జాగ్రత్తగా చదవాలి, నాకు తెలుసు. నీళ్లు కాగితే ఉబ్బుతాయి. ఆ ఉబ్బుకు దారి ఆ గాలి పైపు ఒక్కటే. చల్లనీళ్లు వచ్చే పైపులో వెనక్కి పోనియ్యని వాల్వు ఉంటుంది కాబట్టి అటు దారి లేదు. మన ట్యాంకు రేకు పలుచన, లోపలి నుంచి తోస్తే తట్టుకునేది కాదు. ఇదంతా తెలిసి కూడా ఒక్క రోజే కదా అని ఆ క్యాపు బిగించాను. మూడుసార్లు తిరిగి చల్లనీళ్ల మనిషినని పేరు పడ్డవాణ్ణి. ఆ పూట నీళ్లు వెచ్చగా రావాలనే తప్ప ఇంకొకటి కనబడలేదు.

నీళ్లు వచ్చాయి. మధ్యాహ్నం దాకా అక్కడే ఉండి, నల్లాలు తిప్పి తిప్పి చూశాం. ఇంటామె జొన్నరొట్టె పెట్టింది. ఆమె బిడ్డ పాపను ఎత్తుకొని వచ్చి, "ఇగో, గీ కాకనే నీకు నీళ్లు తెచ్చిండు," అని చూపించింది. ఆ మాటతో నా కడుపు నిండింది. పైపు సంగతి అక్కడే జారిపోయింది.

సాయంత్రం మా షాపు సేటు పిలిచి, తొర్రూరులో ఒక కాలేజీ హాస్టల్లో ఆరు ట్యాంకులు పనిచేయడం లేదు, పిల్లలు వణుకుతున్నారు, పెద్ద మేస్త్రీతో కలిసి పొమ్మన్నాడు. తెల్లవారి ఆయన బండి వెనుక ఎక్కి పోయాను. మూడు రోజులు మబ్బు పట్టింది. హాస్టల్ పైన తడి గాలి, పొగమంచు. పని జరుగుతుంటే ఒకసారి కూడా కొత్తవాడ యాదికి రాలేదు. ఇది రాయడానికే సిగ్గు. మరిచిపోకుండా పోరాడి ఓడినవాణ్ణి కాను, హాయిగా మరిచిపోయాను.

నాలుగో రోజు మబ్బు తేలిపోయింది. తొమ్మిదింటికల్లా కండ్లు చెదిరే ఎండ. మా పెద్ద మేస్త్రీకి ఒక అలవాటు. పైపుల పని మొదలుపెట్టే ముందు తన సామాను మూట విప్పి, వరుసగా పరిచి, ఒక్కొక్కటీ వేలితో ముట్టి చూసుకుంటాడు. మేమందరం వెనుక నుంచి నవ్వేవాళ్లం, పెండ్లి నగలు చూసుకుంటున్నాడని. మూడు రోజులూ ట్యాంకులు కడగడంతోనే సరిపోయింది, ఆ మూట విప్పింది ఆ రోజే. పరిచాడు. ముట్టాడు. ఆగాడు.

"ఇంచు క్యాపు ఒకటి తక్కువున్నదేందిరా? నువ్వు తీస్కున్నవా?"

"తీస్కున్న మేస్త్రీ."

"ఏడ పెట్టినవ్?"

నోరు తెరిచాను. ఎండ నా వీపు మీద పడుతున్నది, వెచ్చగా, హాయిగా. ఆ వెచ్చదనమే నాకు చెప్పింది. అదే ఎండ అదే నిమిషంలో కొత్తవాడ డాబా మీద కూడా పడుతున్నది.

"గాలి పైపుకు పెట్టిన," అన్నాను. "కొత్తవాడల. మూసేసి వచ్చిన."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆకాశం వైపు చూశాడు, గడియారం చూశాడు. "నీళ్లు వాడుతాండ్రా వాళ్లు?" అన్నాడు.

"మూడొద్దులు మబ్బు కదా, సల్లగుంటయని ముట్టిఉండరు. ఇయ్యాల ఎండొచ్చింది. పిల్లకు స్నానం పోస్తరు. దాని కిందనే."

"ఎన్నింటికి?"

"పదకొండు. ఎండ మంచిగెక్కినంక."

ఇంటాయన నంబరు ఒక్కటే నా దగ్గర ఉన్నది. చేశాను. మోగుతున్నది, మోగుతున్నది, ఎత్తడం లేదు. మీరు జంపఖానా మగ్గం ఆడుతుంటే ఆ గదిలో ఎప్పుడైనా నిలబడ్డారా? పక్క మనిషి చెవిలో అరిచినా వినబడదు. మూడు మగ్గాలు కలిసి కొడుతుంటే జేబులో ఫోను మోగినా, దద్దరిల్లినా తెలియదు. అన్నం వేళ దాకా ఆ ఫోను ఎవరూ చూడరు.

షాపుకు చేయాలి. కానీ షాపుకు చేస్తే సేటుకు తెలుస్తుంది. నౌకరి పోతుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు. ఫోను చేతిలో పట్టుకొని హాస్టల్ మెట్ల మీద నిలబడిపోయాను. ఎంతసేపు అంటే ఐదు నిమిషాలు అనుకుంటాను. పెద్ద మేస్త్రీ బండి స్టార్టు చేసి హారను కొడుతున్నాడు. ఆ ఐదు నిమిషాలు నాకు క్యాపు బిగించిన దాని కంటే ఎక్కువ బాధ పెడతాయి. క్యాపు బిగించినప్పుడు ఏమవుతుందో అంత దూరం ఆలోచించలేదు. ఈ ఐదు నిమిషాలు మాత్రం అన్నీ తెలిసే నిలబడ్డాను.

చేశాను. కౌంటరులో కూర్చునే అమ్మాయి ఎత్తింది. సేటు హైదరాబాద్ పోయాడట. ఇంకో ఫిట్టరు పరకాలలో ఉన్నాడట.

"నువ్వే పో చెల్లే. ఆటో ఎక్కి పో. పిల్లను కిందికి దింపుమని చెప్పు, ఎండల కూసోవద్దని చెప్పు."

"ఎవలింటికి అన్నా?"

"పుస్తకంల రాసిన, జూడు."

కాగితాల చప్పుడు. "కొత్తవాడ, జంపఖానాలు నేసే ఇల్లు అని ఉన్నది. అన్నా, కొత్తవాడల జంపఖానాలు నేసే ఇల్లంటే ఏ ఇంటికని పోవాలె?"

సందు గుర్తులు చెప్పాను. మిషను షాపు, పక్కన నీలి రంగు గేటు, వెనుక రేకుల షెడ్డు. చెబుతుంటేనే అర్థమైంది, అట్లాంటి గేట్లు ఆ సందులో ఎన్ని ఉన్నాయో. ఆమె పాపం పోయింది. గంటసేపు ఆ సందుల్లో తిరిగింది, వేరే రెండిండ్లలోకి పోయి వాళ్లను కూడా భయపెట్టిందని తర్వాత తెలిసింది.

తొర్రూరు నుంచి ఆ ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను. పత్తి బండ్లు, వడ్ల ట్రాక్టర్లు, రోడ్డు నిండా ఎండ. వెనుక కూర్చుని ఫోను మీద ఫోను చేస్తున్నాను. వర్ధన్నపేట దాటాక పెద్ద మేస్త్రీ ముఖం తిప్పకుండానే అన్నాడు: "ఏమన్న అడిగితే వాల్వు ఖరాబైందని చెప్దాం. కంపెనీ మాల్. సమజైందా? నువ్వు నోరు తెరవకు."

నేను ఊఁ అన్నాను. అప్పుడు నాకు ఏం చెప్పినా ఊఁ అనేవాణ్ణి.

సందులోకి తిరిగేసరికి పదకొండుకు పది నిమిషాలు. కింద మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. ఇంటాయనను పలకరించకుండా మెట్లెక్కాను. పైకి పోయేసరికి ఇంటామె పీట మీద కాళ్లు చాపి కూర్చుని ఉన్నది. కాళ్ల మీద పాప, ఒంటి నిండా నూనె, మెరుస్తున్నది. బకెటు నల్లా కింద పెట్టి ఉన్నది. ఆమె కుడి చెయ్యి నల్లా మీదికి పోతున్నది.

"అక్కా! ముట్టకు!"

ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. "అమ్మో, గుండె పలిగింది! ఏందయ్యా గట్ల మొత్తుకుంటానవ్?"

"నల్లా ముట్టకు. పిల్లను తీస్కొని కిందికి పో. జల్ది."

"అగో! ఒంటికి నూనె పెట్టిన. గాలి తాకితే పిల్లకు సలి కాదా? జరాగు, రెండు చెంబులు పోస్కొని..."

నేను ట్యాంకు వైపు చూస్తున్నాను. ఆ చివర రేకు మూత ఎప్పుడూ చదునుగా ఉండేది, నూనెలో వేసిన పూరీలాగా బయటికి ఉబ్బి ఉంది. గొట్టాలు ట్యాంకులోకి దూరే చోట రబ్బరు వాచర్ల నుంచి సన్నగా ఉస్‌మంటూ నీళ్లు చిమ్ముతున్నాయి. ఆ చిమ్ము ఆమె పీటకు జానెడు దూరంలో నేల మీద పడుతున్నది. ఆమె అది చూడలేదు. మగ్గాల చప్పుడులో ఉస్‌మనే శబ్దం వినలేదు.

"అక్కా, నీ కాళ్లు మొక్కుత. నీ నెత్తి మీద ట్యాంకు పలుగుతది."

అప్పుడు తల ఎత్తి చూసింది. పాపను కొంగులో చుట్టుకొని, పీట కాలితో తన్నుకుంటూ లేచి, నా పక్క నుంచి మెట్లు దిగిపోయింది. పెద్ద మేస్త్రీ అప్పటికే కింద ఇంటాయన మగ్గం ఆపించి, నేసి మడత పెట్టిన మందపాటి జంపఖానా ఒకటి అడిగి తెచ్చాడు. ఇద్దరం చెరో కొస పట్టుకొని గొట్టాల మీద కప్పాం, ఇంకా ఎండ పడకుండా. తర్వాత నేను కింది స్నానాల గదిలోకి పోయి, పక్కకు జరిగి నిలబడి, చేతికి గుడ్డ చుట్టుకొని వేడినీళ్ల నల్లా తిప్పాను. నీళ్లు నల్లా నుంచి పడలేదు, ఎదురు గోడకు పోయి కొట్టాయి. గోడకున్న సబ్బు డబ్బా ఎగిరిపోయింది. కొంతసేపటికి జోరు తగ్గింది. పైన ట్యాంకు మూత టప్పుమని లోపలికి ముడుచుకున్న చప్పుడు కిందికి వినబడింది. ఆ గదిలో, ఆ పొగలో గోడకు ఆనుకొని కూర్చుండిపోయాను.

బయటికి వచ్చేసరికి మగ్గాలు మూడూ ఆగి ఉన్నాయి. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. ఇంటాయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "దేవునోలె వచ్చినవ్ తమ్మీ. జరసేపైతే ఏమైతుండెనో." ఇంటామె కండ్లు తుడుచుకుంటున్నది. గది గుమ్మంలో ఆమె బిడ్డ, పాపను గుండెకు ఒత్తుకొని. పెద్ద మేస్త్రీ గొంతు సవరించుకొని, "కంపెనీ మాల్ గట్లనే ఉన్నది. వాల్వులు..." అని మొదలుపెట్టాడు.

నేను ఆ బిడ్డ ముఖం చూశాను. నా వైపు చూస్తున్న చూపు ఆ రోజు పాపను ఎత్తుకొచ్చి చూపించినప్పటి చూపే. ఆ చూపు కిందనే క్యాపు మరిచిపోయాను. మళ్లీ అదే చూపు కింద నిలబడి వాల్వు పేరు చెప్పలేకపోయాను. ధైర్యం అనకండి.

"వాల్వు కాదు," అన్నాను. "నేను జేసిన. గాలి పైపుకు మూత పెట్టిన నాడే ఇట్లయితదని తెలుసు. తెల్లారి తీస్తనన్న. మర్చిపోయిన."

ఇంటాయన నా చేతులు వదిలేశాడు. కోపంతో విదిలించలేదు, మెల్లగా వదిలేశాడు. ఇంటామె, "నేనే అన్న కదా మూయమని," అని గొణిగింది. ఆమె బిడ్డ లోపలికి పోయి తలుపు వేసుకుంది.

ఆ మధ్యాహ్నం ట్యాంకు చల్లారాక క్యాపు తీసి, ఎత్తైన కొత్త పైపు పెట్టి, కోతులు ఊగినా కదలకుండా మెట్ల గది గోడకు మూడు చోట్ల పట్టీలు కొట్టాం. నీళ్లు కారిన వాచర్లు మార్చాం. ఇంటాయన మగ్గం మానుకొని వచ్చి డాబా మీద కూర్చుని ప్రతి పట్టీ చూశాడు. పని అయింది, సామాను సర్దుకుంటున్నాం. అప్పుడు ఆ బిడ్డ పైకి వచ్చింది. చేతుల్లో పాప లేదు.

"అయిందా?"

"అయింది బిడ్డా. ఇగ ఫికర్ లేదు."

"అయితే ఆడ కూసో కాకా," అని ట్యాంకు కింది మూల చూపించింది. "ఎండ దిగేదాక కూసో."

పెద్ద మేస్త్రీ నవ్వబోయి ఆగాడు. "నేను కూసుంట బిడ్డా, ఆయనకు వేరే..."

"నువ్వు కాదు. గీయన."

కూర్చున్నాను. ఇంటామె పీట వేయబోతే ఆ బిడ్డ వద్దన్నది. నేల మీదే కూర్చున్నాను, నెత్తి మీద ట్యాంకు. నేనే బిగించిన ప్రతి జాయింటూ లెక్కపెట్టుకున్నాను. ఎక్కడ టిక్కుమన్నా మెడ లోపలికి పోయేది. వేడెక్కితే రేకు టిక్కుమంటుంది, అది మామూలే, ఎన్నో ఇండ్లలో ఎంతో మందికి ఆ మాట చెప్పి దిగివచ్చాను. ఆ మామూలు శబ్దం కింద కూర్చోవడం ఎట్లా ఉంటుందో ఆ రోజే తెలిసింది. ఎండ పిట్టగోడ దాటాక ఆమె చాయ్ తెచ్చి, దూరంగా పెట్టి, "రేపు గూడ రా కాకా," అన్నది.

తెల్లవారి షాపులో సేటు ముందర అంతా చెప్పాను. అరవాల్సినంత అరిచాడు, సీజను కాబట్టి తీసెయ్యలేదు. పదింటికి మళ్లీ కొత్తవాడ పోయి అదే మూల కూర్చున్నాను. ఇంటాయన మగ్గం మీది నుంచి ఒకసారి తల ఎత్తి చూశాడు, మళ్లీ దించుకున్నాడు. ఆ రోజు కూడా పాపను పైకి తేలేదు. మీకు నేను నేర్పగలిగిన పని అక్కడ నేర్చుకున్నాను. ఆ తర్వాత ఏ ఇంట్లో బాగుచేసినా ఆ ఇంటివాళ్లు నిలబడే చోట నేను కాసేపు నిలబడకుండా దిగలేదు. మీరూ అట్లా చేయండి. పావుగంట పోతుంది, అంతే.

మూడో రోజు పదకొండుకు మెట్ల మీద అడుగుల చప్పుడు అయింది. ముందు ఇంటామె, నూనె గిన్నె, తువ్వాల. వెనుక ఆమె బిడ్డ, చేతుల్లో పాప. నేను లేవబోయాను.

"లేవకు," అన్నది. "తానం అయ్యేదాక ఆడనే ఉండు."

పక్కకు జరిగాను. ఇంటామె నా పక్కన పీట వేసుకొని కాళ్లు చాపింది. పాపను కాళ్ల మీద పడుకోబెట్టి నూనె రాసింది. పాప నన్ను చూసి ఏడుపు మొదలుపెట్టింది. ఆ బిడ్డ వంగి నల్లా తిప్పి, బకెటులో నీళ్లు పట్టి, నా ముందర పెట్టింది.

"ముందుగాల నీ చెయ్యి పెట్టు."

పెట్టాను. మణికట్టు దాకా ముంచి ఉంచాను. వెచ్చగా ఉన్నాయి, పాపకు ఎంత ఉండాలో అంతే.

"మంచిగున్నయ్ బిడ్డా," అన్నాను.

ఆమె నా ముఖం చూసింది. తర్వాత చీర కొంగు పైకి జరుపుకొని, తన మోచెయ్యి ఆ నీళ్లలో పెట్టింది. చాలాసేపు ఉంచింది. అప్పుడు చెంబు ముంచి పాప మీద పోసింది.